పేకముక్కలు, నా కుడిచెయ్యి

ఈ మాట చెబితే మీరు నవ్వుతారో, ముక్కున వేలేసుకుంటారో తెలీదు గానీ, రోజూ పొద్దున్నే మావారిని ఆఫీసుకీ, మావాణ్ణి కాలేజీకీ పంపించేశాక నేను చేసే మొదటి పని పేకముక్కలు చేతిలోకి తీసుకోవడం. కంగారు పడకండి, జూదానికి కాదు. చేతివేళ్ళ కసరత్తుకి! ఇంటర్‌తో చదువు ఆగిపోయిన ఇల్లాలికి పేకముక్కల మేజిక్ ఏమిటి, దానికో కసరత్తేమిటి అని మా పక్కింటావిడ కూడా మొదట్లో బుగ్గలు నొక్కుకుంది. ఇప్పుడు ఆవిడే మధ్యాహ్నం పూట వచ్చి, "ఆ రబ్బరు బ్యాండుతో చేసేది ఇంకోసారి చూపించండి" అంటోంది.

అసలు మా ఇంట్లో పేకముక్క గడప దాటి లోపలికి రావడమే పెద్ద వింత. ఎందుకంటారా? చెబుతాను.

మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. మా నాన్న చాలా మంచివాడు. పల్లెత్తు మాట అనేవాడు కాదు. కానీ ఆయనకి పేకాట పిచ్చి ఉండేది. సంక్రాంతికి మూడు రోజులని మొదలైన ఆట మూడు వందల అరవై రోజుల ఆటైంది. నేను ఏడో తరగతిలో ఉండగా ఎకరం మాగాణి పోయింది. తొమ్మిదిలోకి వచ్చేసరికి ఇంకో ఎకరం పోయింది. ఆ తర్వాత అమ్మ చేతి గాజులు పోయాయి. 1996లో నేను ఇంటర్ పాసైతే, డిగ్రీకి గుడివాడ పంపడానికి బస్సు పాసుకి కూడా డబ్బుల్లేవు. "ఆయనకి చెయ్యి కలిసి రాలేదమ్మా" అనేది అమ్మ, అదేదో జాతకంలో రాసి ఉన్నట్టు. నాకు మాత్రం ఇస్పేటు ఆసు కనబడితే చాలు, కడుపులో దేవినట్టుండేది. పెళ్ళయ్యాక మావారితో నేను పెట్టిన ఒకే ఒక్క షరతు, ఇంట్లో పేక ఉండకూడదని.

అలాంటిది, 2023 వేసవిలో మావాడు పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న రోజుల్లో, వాడి లెక్కల పుస్తకం కింద కొత్త పేక దొరికింది. ఇంకేముంది! నా కళ్ళ ముందు మా నాన్న నిలబడ్డాడు. ఫోన్లో రమ్మీ ఆడి అప్పులపాలైన కుర్రాళ్ళ వార్తలు అప్పటికి ఎన్ని చదివానో. 2020లోనే ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు. 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం కూడా చేసింది. అయితే చట్టాలు వేరు, తల్లి భయం వేరు. "ఆడటానికి కాదమ్మా, మేజిక్ నేర్చుకుంటున్నాను" అని వాడు మొత్తుకుంటున్నా వినకుండా ఆ పేకని చెత్తబుట్టలో పడేశాను. మేజిక్ అంటే మా తరానికి పి.సి. సర్కార్, బి.వి. పట్టాభిరామ్ గార్ల పేర్లు తెలుసు. అది స్టేజీ మీద పెద్దవాళ్ళు చేసే పని, మా ఇంట్లో చేసేది కాదనుకున్నాను. వాడు వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ ఏడాదే కార్తీకమాసంలో, తెల్లవారుఝామున దీపం పెడదామని పెరట్లోకి వెళ్ళి, నాచు మీద కాలు జారి పడ్డాను. పడేటప్పుడు ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. కుడిచెయ్యి చాపి నేలకి ఆనించాను. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. నెలసరి ఆగే వయసు దాటిన ఆడవాళ్ళలో ఇలా మణికట్టు విరగడం చాలా ఎక్కువని, అప్పటికి ఎముకలు గుల్లబారడం మొదలవుతుందని డాక్టరుగారు చెప్పారు. ఆరు వారాలు పిండికట్టు వేశారు. "కట్టు ఉన్నా వేళ్ళు మాత్రం రోజూ కదిలిస్తూ ఉండండమ్మా" అని ఒకటికి రెండుసార్లు చెప్పారు కూడా. తప్పు నాదే. కదిలిస్తే ఎక్కడ ఎముక పక్కకి పోతుందోనని చెయ్యిని పసిపిల్లని పొదువుకున్నట్టు పొదువుకుని కూర్చున్నాను.

కట్టు విప్పిన రోజు నా చెయ్యి చూసి నేనే గుర్తుపట్టలేదు. సన్నబడిపోయి, వేళ్ళు మాత్రం వాచి, బిగుసుకుపోయి ఉన్నాయి. పిడికిలి బిగిస్తే అరచేతికీ వేళ్ళకీ మధ్య నిమ్మకాయ పట్టేంత ఖాళీ! ఆ సంక్రాంతికి అరిసెలు ఒత్తలేదు, జంతికల గొట్టం తిప్పలేదు. ముగ్గు పిండి వేళ్ళ మధ్యనుంచి గీతలా జారాల్సింది పోయి ముద్దలుగా పడింది. మావారు చపాతీలు చేస్తే ఒకటి శ్రీలంకలా, ఒకటి ఆస్ట్రేలియాలా వచ్చేవి. అందరూ నవ్వుకుంటూ తినేవాళ్ళం గానీ, రాత్రిపూట జాకెట్టు హుక్కులు విప్పుకోవడం కూడా చేతకాక నేను ఏడ్చిన రోజులున్నాయి. ఇంట్లో ఆడదాని చెయ్యి ఎన్ని పనులు చేస్తుందో, అది ఆగిపోతేగానీ ఇంట్లోవాళ్ళకే కాదు, మనకీ తెలియదు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక కాగితం మీద వ్యాయామాలు రాసిచ్చింది. నాలుగు రోజులు చేశాను. వేళ్ళు ముడవడం, చాపడం, మళ్ళీ ముడవడం. విసుగొచ్చేసింది. ఆ కాగితం ఫ్రిజ్ మీద అలా ఉండిపోయింది.

ఒక రాత్రి మంచినీళ్ళకని లేచాను. మావాడి గదిలో లైటు వెలుగుతోంది. తలుపు సందులోంచి చూద్దును గదా, మంచం మీద కూర్చుని, ఎడం చేత్తో పేక పట్టుకుని ఉన్నాడు. నేను పారేసింది పోగా ఇంకోటి ఎప్పుడు కొన్నాడో! కోపం నోటిదాకా వచ్చింది. కానీ ఆ వేళ్ళు చూసి ఆగిపోయాను. రెండో చెయ్యి సాయం లేకుండా, ఒక్క చేతిలోనే పేక రెండుగా విడిపోయి, కిందిది పైకి లేచి, పైది కిందికి దిగి, మళ్ళీ ఒకటైపోయింది. బొటనవేలు ఒక పని, చూపుడువేలు ఒక పని, చిటికెనవేలు ఒక పని. నేనప్పుడు వాణ్ణి చూడలేదు, వాడి వేళ్ళనే చూశాను.

"నీ వేళ్ళు అలా ఎలా తిరుగుతున్నాయిరా?" అన్నాను లోపలికెళ్ళి.

వాడు ఉలిక్కిపడి పేక దిండు కింద దాచబోయాడు. నేను తిట్టలేదని కాసేపటికి నమ్మకం కుదిరింది. "మొదట్లో నాకూ తిరగలేదమ్మా. రోజుకి వందసార్లు ముక్కలు కింద పడిపోయేవి. అందుకే మంచం మీద చేస్తాను, పడినా చప్పుడవదు, వంగి ఏరుకోనక్కర్లేదు" అన్నాడు. నా చెయ్యి చూసి, "నువ్వూ చేస్తావా?" అన్నాడు మెల్లగా.

నిజం చెప్పొద్దూ, ఆ పేక చేతిలోకి తీసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగాను. "నొప్పి రానంతవరకూ వేళ్ళని కదిలించే పని ఏదైనా మంచిదేనండీ. తేలిగ్గా మొదలుపెట్టండి" అంది. అలా మొదలైంది.

ముందుగా మావాడు నాకు చెప్పిన సంగతి, తర్వాత ఆ అమ్మాయిని అడిగితే నిజమేనన్న సంగతి ఒకటుంది. వేళ్ళని కదిలించే పెద్ద కండరాలు వేళ్ళలో ఉండవట! అవి మోచేతికీ మణికట్టుకీ మధ్య ఉంటాయి. అక్కణ్ణుంచి తాళ్ళలాంటి నరాలు, అదే, స్నాయువులంటారట, వేళ్ళ దాకా వెళ్ళి వాటిని లాగుతాయి, తోలుబొమ్మల్ని ఆడించినట్టు. కావాలంటే ఇప్పుడే ఎడంచేత్తో కుడి ముంజేతిని పట్టుకుని కుడివేళ్ళు ఆడించి చూడండి. లోపల కదలడం తెలుస్తుంది.

ఇంకో తమాషా చూడండి. అరచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి, మధ్యవేలిని లోపలికి మడిచి, ఉంగరపువేలిని ఒక్కదాన్నే పైకి లేపండి. లేవదు! చేతి వెనకవైపు దాని స్నాయువు పక్కవాటితో ముడిపడి ఉంటుంది కాబట్టి ఒంటరిగా లేవలేదు. పేకముక్కల మేజిక్ చేసేవాళ్ళంతా మొదట పోట్లాడేది ఈ ఉంగరపువేలితోనూ, చిటికెనవేలితోనేనట.

ఇక నేను చేసిన కసరత్తులు రాస్తాను. ఇందులో సగం ఫిజియోథెరపీ కాగితంలోవి, సగం మావాడు నేర్పినవి.

మొదట వేడినీళ్ళు. గోరువెచ్చటి నీళ్ళలో అయిదు నిమిషాలు చెయ్యి ముంచి ఉంచాలి. బిగుసుకున్న వేళ్ళు కాస్త మెత్తబడతాయి. తర్వాత వేళ్ళు నిటారుగా చాపి, కొసలు మాత్రం కొక్కెంలా ముడిచి, మళ్ళీ చాపి, ఈసారి పూర్తిగా పిడికిలి. ఇలా అయిదారుసార్లు.

రెండోది బొటనవేలి పలకరింపు. బొటనవేలి కొసతో చూపుడు, మధ్య, ఉంగరపు, చిటికెన వేళ్ళ కొసల్ని వరసగా తాకి, మళ్ళీ వెనక్కి రావాలి. చిన్నప్పుడు అంకెలు లెక్కపెట్టినట్టే. నాకు చిటికెనవేలు అందడానికి పదకొండు రోజులు పట్టింది. అందిన రోజు మావారికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

మూడోది రబ్బరు బ్యాండు. కూరల సంచికి చుట్టి వచ్చేది చాలు. అయిదు వేళ్ళ కొసలూ ఒకచోట చేర్చి, చుట్టూ బ్యాండు వేసి, పువ్వు విచ్చుకున్నట్టు వేళ్ళు బయటికి తెరవాలి. మనం రోజంతా పట్టుకోవడం, పిండటం, పిసకడమే చేస్తాం. వేళ్ళని బయటికి తెరిచే కండరాలకి పనే ఉండదు. అందుకని ఇది తప్పకుండా చెయ్యాలి.

నాలుగోది చపాతీపిండి. బజార్లో ఇందుకోసం రంగురంగుల ముద్దలు అమ్ముతారు గానీ, మనింట్లో పిండికేం కరువు? నిమ్మకాయంత ఉండ చేసుకుని నొక్కడం, రెండేళ్ళతో గిల్లడం, వేళ్ళకొసలతో తాడులా సాగదీయడం. మొదట్లో కాస్త నీళ్ళెక్కువ పోసి మెత్తగా, చెయ్యి గట్టిపడుతున్నకొద్దీ గట్టిగా కలుపుకోవచ్చు. అయ్యాక ఆ పిండితో చపాతీ చేసుకోవచ్చు, వృథా కాదు!

అయిదోది రూపాయి బిళ్ళలు. బల్లమీద అయిదు బిళ్ళలు పెట్టి, ఒక్కొక్కటే వేళ్ళకొసలతో తీసి అరచేతిలో దాచుకోవాలి, ముందు తీసినవి జారిపోకుండా. అయిదూ చేరాక ఒక్కొక్కదాన్నే బొటనవేలితో కొసలకి జరిపి బల్ల మీద పెట్టాలి. ఇది చేస్తుంటే నాకు చటుక్కున చిన్ననాటి అచ్చంగిల్లాలు గుర్తొచ్చాయి. ఒక రాయి ఎగరేసి, అది కిందికొచ్చేలోగా నాలుగు రాళ్ళు ఊడ్చి పట్టుకునేవాళ్ళం కదూ! మన అమ్మమ్మలు ఆటల్లోనే ఎంత కసరత్తు పెట్టారో అనిపించింది.

ఇవి మూడు వారాలు చేశాకే పేక ముట్టుకున్నాను. పేకల్లో రెండు కొలతలున్నాయి. మేజిక్ చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది రెండున్నర అంగుళాల వెడల్పుది. ఇంకోటి రెండుంపావు అంగుళాలది, సన్నగా ఉంటుంది. చిన్న చేతులకి సన్నదే హాయి. అదీ మొదట యాభై రెండు ముక్కలూ కాదు, సగం, ఇరవై ఆరే పట్టుకోవాలి.

మొట్టమొదట నేర్చుకోవాల్సింది పట్టుకోవడం. పేక అరచేతిలో పెట్టుకుని, చూపుడువేలు ముందు అంచున, మిగతా మూడువేళ్ళు కుడి అంచున, బొటనవేలు పైన. ఇప్పుడు బొటనవేలితో పై ముక్కని ఒక్కదాన్నే కొంచెం పక్కకి తొయ్యాలి. రెండో చేత్తో తీసుకుని బల్ల మీద వెయ్యాలి. ఒక్కటే రావాలి, రెండు రాకూడదు. వినడానికి ఇంతే. మొదటిరోజు నేను తోస్తే ఒకసారి ఏమీ రాలేదు, ఒకసారి ఏడు వచ్చాయి! విరిగింది కుడిచెయ్యి గనక ఒకరోజు కుడిచేత్తో పట్టుకోవడం, ఒకరోజు ఎడంచేత్తో పట్టుకోవడం.

తర్వాత కలపడం. ఒక చేత్తో పేక పొడవుగా పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో కొంచెం కొంచెం లాక్కోవడం. ఇది వచ్చాక, పేకని రెండు భాగాలు చేసి, మూలలు బొటనవేళ్ళతో పైకెత్తి టపటపమని వదులుతూ ఒకదాన్లోకి ఒకటి దూర్చడం. ఇలా ఏడుసార్లు కలిపితే యాభై రెండు ముక్కలూ బాగా కలిసిపోతాయని 1992లో డేవ్ బేయర్, పెర్సీ డయాకోనిస్ అనే ఇద్దరు గణిత శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చెప్పారట. ఆ డయాకోనిస్ గారు పద్నాలుగేళ్ళ వయసులో ఇల్లు వదిలి డై వెర్నన్ అనే పెద్ద మెజీషియన్ వెంట వెళ్ళిపోయిన మనిషేనట! మావాడు ఈ కథ చెబితే, "నువ్వు మాత్రం అలా వెళ్ళమాకు నాయనా" అన్నాను. అప్పట్నుంచీ నేను లెక్కగా ఏడుసార్లే కలుపుతాను.

చివరికి మావాడు ఆ రాత్రి చేసింది. దాన్ని చార్లియర్ కట్ అంటారు. పేకని వేళ్ళ కొసలతో కాస్త ఎత్తుగా పట్టుకోవాలి. ఒక పొడవాటి అంచున బొటనవేలు, ఎదుటి అంచున మధ్యవేలు, ఉంగరపువేలు, వెనక పొట్టి అంచున చిటికెనవేలు. బొటనవేలు కొంచెం సడలిస్తే కింది సగం అరచేతిలోకి జారుతుంది. చూపుడువేలు కిందికి పోనిచ్చి ఆ సగాన్ని బొటనవేలి వైపు పైకి తొయ్యాలి. అది నిలబడి పై సగాన్ని దాటగానే పైది కిందికి దిగుతుంది. అంతే, మూసెయ్యడమే. నాకిది నాలుగు నెలలకి వచ్చింది. ఇప్పటికీ పదింటిలో రెండుసార్లు మంచమంతా ముక్కలే.

ఇక్కడ నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. చెయ్యికి బలం రావాలి, బలం రావాలి అని నేను పేకని పీక పిసికినట్టు పట్టుకునేదాన్ని. రోజుకి గంట చేసేదాన్ని. వారం తిరిగేసరికి బొటనవేలి మొదట్లో ఒకటే నొప్పి! మళ్ళీ ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పరుగెత్తాను. వారం రోజులు పేక పక్కన పెట్టించింది. తిరిగి మొదలెట్టాక మావాడు ఒక మాటన్నాడు. "అమ్మా, పేక మొత్తం కలిపి వంద గ్రాములుండదు. ఒక ఉల్లిపాయంత. దానికి బలం ఎందుకు? గట్టిగా పట్టుకుంటే ముక్కలు వంగిపోతాయి, చూసేవాళ్ళకి దొరికిపోతాం. వదులుగా పట్టుకోవడమే కష్టం, అదే నేర్చుకోవాలి."

వాడికి తెలియకుండానే వాడు నాకు పెద్ద మాటే చెప్పాడు. ముప్ఫై ఏళ్ళుగా పేక అంటే ఒళ్ళంతా బిగబట్టుకున్న మనిషిని నేను.

అర్జెంటీనా దేశంలో రెనె లవాండ్ అని ఒక మెజీషియన్ ఉండేవాడు. 1928లో పుట్టి 2015లో పోయాడు. తొమ్మిదేళ్ళప్పుడు కారు ప్రమాదంలో కుడిచెయ్యి పోయింది. రెండు చేతులున్నవాళ్ళకే కష్టమైన పేక మేజిక్‌ని ఆయన ఒక్క ఎడంచేత్తో నేర్చుకుని ప్రపంచమంతా తిరిగాడు. గబగబా చేసి మాయ చెయ్యడం కాదు, నిదానంగా చెయ్యడమే ఆయన ప్రత్యేకత. మావాడు వీడియో చూపిస్తే, ఆయన మాట్లాడే భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళార్పకుండా చూశాను. చెయ్యే లేని మనిషి అంత చేస్తే, ఉన్న చెయ్యి కదలడం లేదని ఫ్రిజ్ మీద కాగితం పడేసి కూర్చున్నానే అని సిగ్గేసింది. రోజుకి మూడుసార్లు, పది నిమిషాల చొప్పున, నిదానంగా చెయ్యడం అప్పట్నుంచే మొదలుపెట్టాను.

మార్పు ఎప్పుడొచ్చిందో సరిగ్గా చెప్పలేను. ఏప్రిల్లో ఒకరోజు మల్లెపూలు ముందేసుకుని, మాటల్లో పడి, మూర మాల కట్టేశాను. కట్టాక చూసుకున్నాను. ఆవకాయ జాడీ మూత తిప్పాను. జూన్‌కల్లా చపాతీల పీట మావారి దగ్గర్నుంచి లాగేసుకున్నాను. ఆయన ఎంత సంతోషించారో చెప్పలేను!

అసలు సంగతి 2025 సంక్రాంతికి జరిగింది. అమ్మ మా తమ్ముడి దగ్గర ఊళ్ళోనే ఉంటుంది. పండక్కి మా ఇంటికొచ్చింది. నేను పేక బీరువాలో దాచేద్దామనుకున్నాను. ఏదో పనిలో పడి మర్చిపోయాను. భోగి నాటి సాయంత్రం అమ్మ హాల్లోకి వచ్చేసరికి నేను సోఫాలో కూర్చుని ముక్కలు కలుపుతున్నాను.

అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. నా చేతులు వణికాయి. పేక మొత్తం నేలమీద చెల్లాచెదరైంది. నేను నోరు తెరిచేలోగా మావాడు, "అమ్మమ్మా, అమ్మ చెయ్యి బాగుపడింది వీటితోనే" అన్నాడు.

అమ్మ ఏమీ అనలేదు. చాలాసేపటికి, "మీ తాత కూడా ఇట్టాగే కలిపేవోడు. చూడముచ్చటగా ఉండేది" అంది. నలభై ఏళ్ళలో ఆయన పేకాట గురించి అమ్మ నోట ఒక మంచిమాట వినడం నాకదే మొదలు.

ఆ తర్వాత మావాడు అమ్మమ్మ పక్కన చేరి ముక్కలు పంచి చూపించాడు. "ఇప్పుడు పైముక్క ఇచ్చానా, అడుగుముక్క ఇచ్చానా చెప్పు" అన్నాడు. అమ్మ పైదే అంది. వాడు మళ్ళీ మెల్లగా చేసి చూపించాడు. ప్రతిసారీ వాడి ముందు పడింది అడుగుముక్కే! జూదరులు చేసే ఇలాంటి కిటుకులన్నీ 1902లోనే అమెరికాలో ఎర్డ్‌నేజ్ అనే పేరుతో ఒకాయన పుస్తకంగా రాశాడనీ, మేజిక్ నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ అది చదువుతారనీ చెప్పాడు. "అందుకే అమ్మమ్మా, ఇది తెలిసినవాడెవడూ తెలియనివాళ్ళ దగ్గర డబ్బు పెట్టి కూర్చోడు" అన్నాడు.

అమ్మ ఆ ముక్కల వంకే చూస్తూ, "అయితే మీ తాతకి చెయ్యి కలిసిరాక కాదేమో. ఎవుడన్నా ఇట్టా చేసేడేమో" అంది. కాసేపాగి తనే, "ఏదైతేనేం. పోయి కూచున్నది ఆయనేగా" అని కళ్ళు తుడుచుకుంది. మోసం జరిగిందో లేదో మాకెవరికీ తెలీదు, ఇక తెలియదు కూడా. కానీ ఇన్నేళ్ళూ జాతకం మీదా, చేతిగీత మీదా వేసిన నేరం ఆ రోజు అక్కడ దిగిపోయినట్టనిపించింది.

తర్వాత అమ్మ కిందికి వంగి, నేలమీద మిగిలిపోయిన ముక్కలు ఒక్కొక్కటే ఏరసాగింది. వత్తులు చేసీ చేసీ అరిగిపోయిన వేళ్ళు, చలికి కీళ్ళు పట్టేసి ఉన్నాయి. నున్నటి గచ్చుమీద పడిన పేకముక్క అంచు గోటికి అందడం ఎంత కష్టమో మీకు తెలుసు. నేను ఏరబోతే వద్దంది. అన్నీ ఏరి, బొత్తి చేసి నా చేతిలో పెట్టి, "ఇది కూడా కసరత్తేనా?" అంది. ముగ్గురం నవ్వాం.

అప్పుడు నేను అమ్మకి ఒక మేజిక్ చేసి చూపించాను. ఒక ముక్క తీయించి, పేకలో కలిపి, మళ్ళీ అదే తీసి ఇచ్చాను. కళావరు తొమ్మిది. ఎలా చేశానో మాత్రం చెప్పను, మావాడితో ఒట్టు పెట్టుకున్నాను. ఇంకోసారి చెయ్యమంటే కూడా చెయ్యకూడదట. ఒకే మేజిక్ ఒకరికే వెంటనే రెండుసార్లు చూపిస్తే గుట్టు బయటపడుతుంది కదా!

మీలో ఎవరైనా ఇవి చేద్దామనుకుంటే నా మాటగా నాలుగు జాగ్రత్తలు. చెయ్యి విరిగి కట్టు విప్పినవాళ్ళయితే డాక్టరునో, ఫిజియోథెరపీ వాళ్ళనో అడక్కుండా మొదలుపెట్టకండి. కట్టులో ఉన్నప్పుడు వేళ్ళు కదిలించమంటే నాలాగా భయపడి మానేయకండి. కొంచెం లాగినట్టుండటం పర్వాలేదు గానీ, పోటుగా నొప్పి వచ్చినా, వాపు పెరిగినా వెంటనే ఆపేయండి. రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్ళు తిమ్మిరెక్కుతుంటే అది కసరత్తుతో పోయేది కాదు, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతున్నదేమో చూపించుకోండి. ఒకేసారి గంట కంటే, పది నిమిషాల చొప్పున మూడుసార్లు మేలు. టీవీ సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు చేసుకుంటే పనీ చెడదు, విసుగూ రాదు.

ఇంట్లో పేక పెట్టుకోవడం ఇష్టం లేకపోతే రూపాయి బిళ్ళలూ, రబ్బరు బ్యాండూ, చపాతీపిండీ చాలు. నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు ఆ ఇష్టంలేనితనం ఎలాంటిదో.

మా ఇంట్లో పేక ఇప్పుడు పోపుల డబ్బా పక్కనే ఉంటుంది. మొన్న ఊరికి తిరిగి వెళ్ళేటప్పుడు అమ్మ నా కుడిచెయ్యి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఈసారి అరిసెలు నువ్వే ఒత్తాలి" అంది. ఒత్తుతానన్నాను.